కంచు కంఠమూ కీచు గొంతూ

(మహిళా ప్రజాప్రతినిధుల శిక్షణా తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను నాయకత్వ లక్షణాల గురించి మాట్లాడమన్నారు. నిన్న రాత్రి సిద్ధమవుదామని కూర్చుని, ఇటువంటి తరగతుల కోసం ఎప్పుడో అచ్చు వేసిన ఒక చిన్న పుస్తకం తీశాను. నాయకుడికి ఉండవలసిన గుణాలన్నీ అందులో వరసగా ఇచ్చారు. ధైర్యం, ఓర్పు, నిజాయితీ, విషయ పరిజ్ఞానం. బాగానే ఉంది. చిట్టచివరిది 'గంభీరమైన కంఠస్వరం'. అక్కడ ఆగిపోయాను. ధైర్యం ఒకరిని చూసి ఒకరం తెచ్చుకుంటాం. విషయం చదివో అడిగో నేర్చుకుంటాం. గంభీరమైన కంఠస్వరం ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి? అందుకని మిగతా గుణాలన్నీ నా తర్వాత మాట్లాడేవారికి వదిలేసి, ఈ ఒక్క గుణం గురించే చెబుతాను. ఇది చిన్న విషయమని మీకు అనిపించవచ్చు. నా అనుభవంలో కాదు.

ముందు మన భాషనే చూడండి. మగవాడి గొంతు బాగుంటే కంచు కంఠం అంటాం. మేఘగంభీర స్వరం అంటాం. సభలో నాలుగు మాటలు గట్టిగా అంటే సింహగర్జన అని మర్నాడు పేపర్లో వేస్తారు. ఆడదాని గొంతు బాగుంటే? కోకిల, వీణ, తేనె. పాట పాడడానికీ, బిడ్డను నిద్ర పుచ్చడానికీ, ఫోనులో దయచేసి వేచి ఉండండి అని చెప్పడానికీ పనికొచ్చే పోలికలే అన్నీ. అదే ఆడది కోపంతో మాట్లాడితే కీచు గొంతు, గయ్యాళి, నోరెక్కువ. వంద మందిని నిలబెట్టి వినిపించే స్త్రీ గొంతును మెచ్చుకోవడానికి తెలుగులో ఒక మాట కోసం చాలా రోజులు వెతికాను. నాకు దొరకలేదు. మీలో ఎవరి ఊళ్లోనైనా అటువంటి మాట ఉంటే చెప్పండి, రాసుకుంటాను.

హైదరాబాదులో పుట్టిన సరోజినీ నాయుడు 1925లో కాన్పూరు కాంగ్రెసుకు అధ్యక్షత వహించారు. 1930లో ధరాసన ఉప్పు సత్యాగ్రహానికి నాయకత్వం వహించి జైలుకు వెళ్లారు. 1947లో యునైటెడ్ ప్రావిన్సెస్‌కు గవర్నరయ్యారు. పిల్లల పాఠ్యపుస్తకంలో ఆమె ఎవరు? భారత కోకిల. ఆమె కవయిత్రి, ఆ బిరుదులో తప్పేముంది అనవచ్చు. తప్పేమీ లేదు. కాని లాఠీల ముందు సత్యాగ్రహులను నడిపించిన గొంతుకు వేరే బిరుదొకటి కావాలని ఎవరికీ తోచలేదు.

ఈ చెవి మనకు ఎలా అలవాటైందో ఒక్కసారి ఆలోచించండి. మన నాటకాల్లో చాలాకాలం ఆడవేషం మగవాళ్లే కట్టారు. స్థానం నరసింహారావు గారి సత్యభామను చూడడానికి జనం విరగబడేవారు. గొప్ప నటుడు, సందేహం లేదు. 1956లో పద్మశ్రీ కూడా ఇచ్చారు. కాని ఆడది ఎలా అలగాలో, ఎలా గోముగా మాట్లాడాలో ఆ రోజుల్లో మగవాడే మాట్లాడి చూపించాడు, మనం చూసి నేర్చుకున్నాం. సురభి నాటక కుటుంబాల్లో మాత్రం ఆడవాళ్లే ఆడవేషాలు వేశారు. ఆ తర్వాత సినిమా వచ్చింది. తెర మీద ఒక అమ్మాయి, తెర వెనక గొంతు ఇంకొకరిది. సరిత, రోజారమణి వంటివారు ఎందరు కథానాయికలకు గొంతు అరువిచ్చారో లెక్కలేదు. ఎవరి గొంతు వారిది కానక్కరలేదు, ఆడగొంతు అనేది ఒక పద్ధతిలో ఉంటే చాలు. ఆ పద్ధతి దాటి గట్టిగా మాట్లాడే ఆడదంటే మనకు గుర్తొచ్చేది సూర్యకాంతమే. 1962లో 'గుండమ్మ కథ' వచ్చింది. అంతటి నటి మళ్లీ పుట్టలేదని నేనూ అంటాను. కాని ఆ పేరు ఆడపిల్లకు పెట్టడానికి జనం జంకారని ఇప్పటికీ చెప్పుకుంటాం కదా, ఆ జంకు ఎవరి మీద పని చేసిందో చూడండి. ఇంట్లో కోడలు కొంచెం గొంతు లేపితే చాలు, ఆ పేరుతో నోరు మూయించారు.

ఇటు మగగొంతు సంగతి. ఎన్.టి. రామారావు గారు 1982 మార్చిలో పార్టీ పెట్టారు. 1983 జనవరికి ముఖ్యమంత్రి అయ్యారు. దానికి రాజకీయ కారణాలు ఉన్నాయి, నేను కాదనను. అయితే ఆయన వ్యాను పైకెక్కి నోరు విప్పేసరికి జనానికి అది కొత్త గొంతు కాదు. దశాబ్దాలుగా రాముడూ కృష్ణుడూ ఆ గొంతుతోనే మాట్లాడారు. వినేవాళ్ల చెవి అప్పటికే తయారై ఉంది.

జనాకర్షణ అంటున్నామే, దానికి ఇంగ్లీషులో వాడే కరిష్మా అనే మాటను రాజకీయ చర్చల్లోకి తెచ్చినవాడు మాక్స్ వెబర్ అనే జర్మన్ సామాజికవేత్త. ఆయన 1920లో చనిపోయాడు. ఆయన చెప్పినదాంట్లో మనకు పనికొచ్చేది ఒకటుంది. ఆ శక్తి నాయకుడిలో నిజంగా ఉందా లేదా అనేది ముఖ్యం కాదు, అనుచరులు ఉందని ఒప్పుకుంటున్నారా లేదా అనేదే ముఖ్యం అన్నాడు. అంటే సగం సంగతి వినేవాడి దగ్గర ఉంది. మనకు శిక్షణ ఇచ్చేవాళ్లు మాత్రం ఎప్పుడూ మన గొంతునే సవరించమంటారు.

ఇక శాస్త్రం. గొంతులోని స్వరపేటికలో రెండు పొరలుంటాయి. గాలి తగిలి అవి కంపిస్తేనే మాట. మగపిల్లలకు యుక్తవయసులో ఆ పొరలు పొడుగ్గా, మందంగా పెరుగుతాయి కాబట్టి అవి సెకనుకు సుమారు 100 నుంచి 120 సార్లు కంపిస్తాయి. ఆడవాళ్లలో సుమారు 200 సార్లు. అందుకే మన శ్రుతి ఎక్కువ. ఇది శరీరం సంగతి.

అమెరికాలో 2012లో క్లాఫ్‌స్టాడ్, అతని సహచరులు ఒక ప్రయోగం చేశారు. ఈ నవంబరులో నాకు ఓటు వెయ్యండి అనే ఒకే వాక్యాన్ని మగవాళ్ల చేతా ఆడవాళ్ల చేతా చెప్పించి రికార్డు చేశారు. యంత్రంతో ప్రతి గొంతునూ ఒకసారి శ్రుతి పెంచి, ఒకసారి తగ్గించి వినిపించారు. మాట అదే, మనిషి అదే, శ్రుతి ఒక్కటే మారింది. ఎవరికి ఓటు వేస్తారు అంటే వినేవాళ్లు తగ్గు శ్రుతి వైపే మొగ్గారు. మగగొంతుల్లోనూ అంతే, ఆడగొంతుల్లోనూ అంతే. అదే ఏడాది ఇంకో ప్రయోగంలో బడి కమిటీ, తల్లిదండ్రుల సంఘం వంటి, ఆడవాళ్లే ఎక్కువగా చేసే పదవుల గురించి అడిగారు. అక్కడా బరువైన ఆడగొంతునే ఎంచుకున్నారు. ఎంచుకున్నవాళ్లలో ఆడవాళ్లూ ఉన్నారు. ఇది మనం దాచుకోవలసిన విషయం కాదు. మనలో ఎంతమందిమి 'ఆమె బాగానే చెప్పింది కాని ఆ గొంతు వినలేకపోయాం' అని అనలేదు? నేను అన్నాను.

ఈ ప్రయోగం చదివి, అయితే బరువైన గొంతే నాయకత్వమా అని దిగులుపడనక్కర లేదు. కొలంబియా విశ్వవిద్యాలయంలో రోజెన్‌బర్గ్, హిర్ష్‌బర్గ్ అనే ఇద్దరు రాజకీయ ప్రసంగాల ముక్కలు జనానికి వినిపించి పరిశీలించారు. ఆకర్షణ ఉందని జనం అన్న మాటల్లో శ్రుతి తక్కువగా కాదు, ఎక్కువగా ఉంది. అది పైకీ కిందికీ బాగా తిరిగింది. ఆపిల్ కంపెనీ స్టీవ్ జాబ్స్ కొత్త వస్తువు చూపిస్తుంటే ప్రపంచం నోరు తెరుచుకుని చూసిందంటారు కదా, ఆయన ప్రసంగాలను నీబూర్ అనే ధ్వనిశాస్త్రవేత్త బృందం కొలిచింది. ఆయన శ్రుతి మామూలు మగవాళ్ల కంటె పైనే ఉంది. అది ఎంతో ఎత్తుకు వెళ్లి దిగేది. దాన్ని ఎవరూ కీచు అనలేదు, ఉత్సాహం అన్నారు. మగవాడి శ్రుతి పైకి వెళితే ఉత్సాహం, మన శ్రుతి పైకి వెళితే ఆవేశం, గుండె నిబ్బరం లేకపోవడం. కొలబద్ద ఒకటే అయితే ఈ తేడా ఎందుకొచ్చింది?

మార్గరెట్ థాచర్ సంగతి చాలామంది ఉదాహరణగా చెబుతారు. 1975లో పార్టీ నాయకురాలయ్యాక ఆమె గొంతు మీద విమర్శలు వస్తుంటే నాటకశాల శిక్షకుల దగ్గర నేర్చుకుని శ్రుతి బాగా దించుకుంది. 1979లో ప్రధాని అయింది. చూశారా, కష్టపడితే సాధించవచ్చు అని మనకు చెబుతారు. ఆమె గొంతు దిగింది నిజమే. 1984లో గనులు మూసేస్తుంటే వీధుల్లోకి వచ్చిన గని కార్మికుల భార్యలకు మాత్రం ఆ దిగిన గొంతు వల్ల ఒరిగిందేమీ లేదు.

ఈ సలహా నేనూ పాటించాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను. నేను కాలేజీలో పాఠాలు చెప్పేదాన్ని. ముప్ఫై ఎనిమిదేళ్ల వయసులో ఒక సభలో కూలి రేట్ల మీద మాట్లాడాను. లెక్కలన్నీ సేకరించి, రాత్రంతా రాసుకుని వెళ్లాను. దిగగానే ఒక పెద్దమనిషి దగ్గరికి వచ్చి, 'విషయం బాగుందమ్మా, గొంతే కొంచెం కీచుగా ఉంది. బరువు పెంచుకో' అన్నాడు. ప్రేమగానే అన్నాడు. ఆ రోజు నుంచి రెండేళ్లు క్లాసులోనూ సభల్లోనూ గొంతు అణిచి, కిందికి నొక్కి మాట్లాడాను. మొదట సాయంత్రానికి బొంగురు పోయేది. తర్వాత మధ్యాహ్నానికే. ఒక రోజు పాఠం మధ్యలో మాట రావడం ఆగిపోయింది. చెవి ముక్కు గొంతు డాక్టరమ్మ అద్దం పెట్టి చూసి, పొరల మీద చిన్న చిన్న కాయలు కట్టాయి అంది. 'నీది కాని గొంతుతో మాట్లాడుతున్నావు' అంది. నెల రోజులు మౌనం. పలక మీద రాసి చూపించేదాన్ని. ఆ నెల ఇంట్లో అందరూ చాలా ప్రశాంతంగా ఉన్నారని తర్వాత తెలిసింది.

ఆ నెలలో నాకు బాధ కలిగించింది నొప్పి కాదు. కూలి రేట్ల మీద ఆ రోజు నేను చెప్పిన లెక్క ఒక్కటి కూడా ఎవరికీ గుర్తులేదు, గొంతు గుర్తుంది.

శరీరం సంగతి అని ఇందాక అన్నాను. అంతా శరీరమే కాదు. ఆస్ట్రేలియాలో 1945లో రికార్డు చేసిన యువతుల గొంతులనూ, 1993లో రికార్డు చేసిన అదే వయసు యువతుల గొంతులనూ పోల్చి చూశారు. సగటు 229 నుంచి 206కి దిగింది. యాభై ఏళ్లలో ఆడవాళ్ల స్వరపేటిక మారిపోదు. మారింది వాళ్ల బతుకు. చదువులకు, ఉద్యోగాలకు బయటికి వచ్చారు. జపాను స్త్రీలు డచ్చి స్త్రీల కంటె ఎక్కువ శ్రుతిలో మాట్లాడతారని 1995లో ఇంకొక పరిశోధన వచ్చింది. ఆడది ఎలా ఉండాలని సమాజం అనుకుంటుందో ఆ మేరకు గొంతు కూడా సర్దుకుంటుందన్నమాట.

మనకు దీనికి విదేశాలు వెళ్లనక్కర లేదు. నాట్ల సమయంలో పొలం గట్టు మీద నిలబడి చూడండి. ఈ చివర మునుం పట్టిన ఆడమనిషి ఆ చివరకు కేక వేస్తే మూడు మళ్లు దాటి వినిపిస్తుంది. మైకు లేదు. పాట ఎత్తుకుంటే ముప్ఫై మంది అందుకుంటారు. అదే మనిషి గ్రామసభలో కుర్చీలో కూర్చుంటే పక్కనున్న కార్యదర్శికి కూడా మాట వినపడదు. పల్నాడు వైపు ఒక దళిత సర్పంచిని అడిగాను, పొలంలో అంత గొంతు ఉన్నదానివి, సభలో ఏమైందమ్మా అని. 'పొలంలో కేకేస్తే ఎవురికేం మేడమ్? ఊళ్లో కేకేస్తే రేపు కూలికి పిలవరు' అంది. నాకు చాలాసేపు మాట రాలేదు. ఎవరి ముందు ఎంత గొంతు వాడాలో కులం చిన్నప్పటి నుంచే నేర్పుతుంది. పెద్ద కులాల ఇళ్లలో ఆడవాళ్లకు గొంతు వసారా దాకా రాకూడదని నేర్పితే, ఈమెకు వాడ దాటగానే తగ్గించాలని నేర్పారు. గంభీరమైన కంఠస్వరం అలవరచుకోండి అని పుస్తకంలో రాసినవాళ్లకు ఈ కూలి సంగతి తెలియదు.

73వ రాజ్యాంగ సవరణ 1993లో అమలులోకి వచ్చి మనకు మూడో వంతు సీట్లు ఇచ్చింది. 2011లో మన రాష్ట్రంలో దాన్ని సగం చేశారు. రాష్ట్రం రెండయ్యాక రెండు చోట్లా ఆ సగం ఉంది. కుర్చీ చట్టం ఇచ్చింది. కాని సర్పంచి భర్త పక్కన నిలబడి 'ఆమెకు మాట్లాడడం రాదండీ, నేను చెబుతా' అంటే అధికారులు తల ఊపుతున్నారు. ఆయన గొంతు వాళ్ల చెవికి సర్పంచి గొంతులా వినిపిస్తోంది. ఇది చెవి చేసే మోసం. దానివల్ల పోయేది ఆమె పదవి, ఆమె వాడకు రావలసిన నీళ్ల ట్యాంకు.

మైకు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే దాన్ని ఎవరూ పట్టించుకోరు. యంత్రానికి మగా ఆడా తేడా ఉండదనుకుంటాం. అమెరికాలో రేడియో కొత్తగా వచ్చిన రోజుల్లో ఆడగొంతు రేడియోకు పనికిరాదని తీర్మానించేశారు. అసలు సంగతి ఏమిటంటే ఆనాటి యంత్రాలు శబ్దంలో పై భాగాన్ని కోసేసేవి. మన స, శ వంటి హల్లులు ఆడగొంతులో ఆ పై భాగంలోనే ఎక్కువగా ఉంటాయి. మగగొంతును కొలిచి యంత్రం చేసి, ఆడగొంతు సరిపోలేదని ఆడగొంతును తప్పు పట్టారు. ఇంగ్లండులో బీబీసీ 1933లో షీలా బారెట్ అనే ఆమెను ప్రకటనలు చదవడానికి పెట్టి, శ్రోతల ఫిర్యాదులు వచ్చాయని కొద్ది నెలల్లోనే తీసేసింది. ఇదంతా పాతకాలం అనుకోకండి. సెల్‌ఫోను, కంప్యూటరు ద్వారా సమావేశాలు జరుపుకుంటున్నాం కదా, వాటిలో శబ్దాన్ని కుదించి పంపే పద్ధతుల వల్ల ఆడగొంతు ఆకర్షణ మగగొంతు కంటె ఎక్కువగా తగ్గిపోతోందని 2021లో సీగర్ట్, నీబూర్ చూపించారు.

మన ఊళ్లలో ఇంకా గొట్టం మైకులు. ఆ గొట్టం కింది శ్రుతులను మింగేసి, చెవిలో గుచ్చుకునే భాగాన్ని పెంచి పంపుతుంది. పైగా మైకు సెట్టు అబ్బాయి హలో హలో అని తన గొంతుతో చూసుకుని, దానికి తగ్గట్టు మరలు తిప్పి వెళ్లిపోతాడు. స్టాండు అతని ఎత్తుకు ఉంటుంది. మనం వెళ్లి మెడ చాపి, మునివేళ్ల మీద నిలబడి అరిస్తే కీచుమనక ఏం చేస్తుంది? కాబట్టి సభకు ఒక పావుగంట ముందు వెళ్లండి. బాబూ, నా గొంతుతో చూడు అని అడగండి. ట్రెబుల్ అనే మర ఉంటుంది, అది తగ్గించమనండి. మైకు జానెడు దూరంలో, గడ్డం ఎత్తుకు పెట్టుకోండి. అడగడానికి మొహమాటపడకండి, ఆ మైకు అద్దె పంచాయతీయే కడుతోంది.

మన తెలుగు విషయం ఇంకొకటి. మనలో చాలామందికి వాక్యం చివర గొంతు మింగేసే అలవాటుంది. మొదట బాగా ఎత్తుకుంటాం, సగం దాటాక భయం వేస్తుంది, చివరికి మాట నోట్లోనే ఉండిపోతుంది. తెలుగులో క్రియ వాక్యం చివర వస్తుంది. అవును కాదు తేలేది అక్కడే. 'రోడ్డు బిల్లు మంజూరు' అని గట్టిగా అని, 'చెయ్యను' అన్న మాట మింగేస్తే, చేశారనే రాసుకుంటారు. ఒక సర్పంచి వ్యతిరేకించిన తీర్మానం మీద ఆమె ఆమోదించినట్టు నమోదైన పుస్తకం నేను చూశాను. గొంతు బరువు పెంచుకోనక్కర లేదు. ఉన్న గొంతుతోనే, చివరి మాట దాకా ఊపిరి మిగుల్చుకుని చెప్పండి. చెప్పాక కార్యదర్శి రాసిందాన్ని పైకి చదివించుకోండి. చదవడం రాకపోతే, వచ్చిన అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకోండి.

ఒక్క గొంతు చాలనిచోట ఏం చేశారో మన ముందువాళ్లు చూపించారు. తెలంగాణ సాయుధ పోరాటంలో మల్లు స్వరాజ్యం గారు ఊరూరా తిరిగి ఉయ్యాల పాటల వరసలో జనాన్ని కూడగట్టారు. ఆడవాళ్లు పాడుకునే వరసను ఆమె సభకు తెచ్చారు, సభ గొంతు కోసం తన గొంతు మార్చుకోలేదు. తుంగతుర్తి నుంచి రెండుసార్లు శాసనసభకు వెళ్లారు. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో సారా దుకాణం ముందు నిలబడ్డ ఆడవాళ్లలో ఎవరి గొంతు శ్రుతి ఎంతో ఎవరూ కొలవలేదు. వందమంది ఒకేసారి అన్నప్పుడు కీచు అని ఎవరిని అంటారు? మరుసటి ఏడాది సారా నిషేధం వచ్చింది. గ్రామసభలో మీ ఊరి సంఘం ఆడవాళ్లను చెల్లాచెదురుగా కాకుండా ముందు వరసలో కలిసి కూర్చోమనండి. మీరు మాట్లాడేటప్పుడు తల ఊపే పదిమంది ఎదురుగా ఉంటే గొంతు ఎలా నిలబడుతుందో మీరే చూస్తారు.

నా సమయం అయిపోయిందని అధ్యక్షురాలు చీటీ పంపారు. ఇప్పుడు ఒక్కొక్కరే వచ్చి మీ ఊరి సమస్య ఒకటి, మూడు వాక్యాల్లో చెప్పాలి. వినేవాళ్లకూ ఒక పని ఉంది. ఆమె గొంతు ఎలా ఉందో కాదు, ఏం చెప్పిందో కాగితం మీద రాయాలి. చివర్లో చదువుకుందాం. ముందుగా వెనక వరసలో కూర్చున్న ఆకుపచ్చ చీర చెల్లెలు రావాలి, పొద్దుటి నుంచి ఏదో చెప్పబోయి ఆగిపోతోంది. రామ్మా. స్టాండు నట్టు బిగుసుకుపోయి ఉంది, నేను వదులు చేసి పెట్టాను, నీ ఎత్తుకు దించుకో.